మీ పాత చిరునామా డాక్టరుకు చెప్పారా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదింటిని విడిగా తీసి పెట్టుకున్నాను. రాసినవాళ్లకు ఒకరితో ఒకరికి పరిచయం లేదు. ఉంటున్న దేశాలు వేరు, వయసులు వేరు. అందరిదీ ఒకటే భయం: వేరే చోట ఉన్నప్పుడు ఒంట్లోకి ఏదైనా పురుగు చేరిందేమోనని. ప్రయాణాలు చేసి వచ్చినవాళ్లనూ, వలస వచ్చి స్థిరపడినవాళ్లనూ చూసే క్లినిక్‌లో నేను ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి వీటికే జవాబు రాస్తున్నాను. పేర్లు తీసేశాను.

*

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మా నాన్నగారికి 67 ఏళ్లు. వయసులో ఉండగా ఆగ్నేయాసియాలో రబ్బరు తోటల్లో పన్నెండేళ్లు పనిచేశారు. అక్కణ్ణుంచి వచ్చేసి 24 ఏళ్లయింది. రెండేళ్లుగా ఆయాసం. ఇప్పుడు స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెడదామంటున్నారు. రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు 1,400 ఉన్నాయి, అలర్జీ వల్లేనన్నారు. మలపరీక్ష ఒకసారి చేయిస్తే ఏమీ లేదని వచ్చింది. ఎప్పుడో తోటల్లో పట్టిన పురుగు ఇన్నేళ్లు ఉంటుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: బాబూ, స్టెరాయిడ్ మొదలుపెట్టకముందే ఈ ప్రశ్న అడిగారు. అది చూసి నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను.

పేగుల్లో ఉండే పురుగుల్లో చాలావాటికి మన ఒంట్లోనే సంతానం పెంచుకునే వీలు లేదు. వాటి గుడ్లు బయటికి పోవాలి, మట్టిలో కొన్నాళ్లు ఉండాలి, మళ్లీ ఎవరో ఒకరి ఒంట్లోకి చేరాలి. కాబట్టి ఏలికపాము ఒకటి రెండేళ్లలో చచ్చిపోతుంది. కొంకిపురుగు ఇంకొన్నేళ్లు బతుకుతుంది. ఆ మట్టిని వదిలి పాతికేళ్లు కావస్తున్న మనిషిలో ఇవి మిగిలి ఉండవు. మీ నాన్నగారి విషయంలో వీటి గురించి దిగులు వద్దు.

ఈ లెక్కకు లొంగని పురుగు ఒకటుంది. దాని పేరు స్ట్రాంగిలాయిడ్స్. రెండు మూడు మిల్లీమీటర్ల పొడవు, వెంట్రుక కన్నా సన్నం. తడిమట్టిలో వట్టి కాళ్లతో నడిచినప్పుడు దాని పిల్ల చర్మంలోంచి దూరుతుంది. రక్తంలో పడి ఊపిరితిత్తులకు, అక్కణ్ణుంచి గొంతులోకి, మనం మింగేస్తే చిన్నపేగులోకి చేరుతుంది. అక్కడ పెట్టిన గుడ్లు పేగులోనే పొదుగుతాయి. ఆ పిల్లల్లో కొన్ని బయటికి పోకముందే ముదిరి, పేగు గోడను తొలుచుకుని మళ్లీ రక్తంలోకి వెళ్తాయి. అంటే మట్టితో పని లేకుండానే, అదే మనిషిలో ఒక తరం తర్వాత ఇంకో తరం పుడుతూనే ఉంటుంది. దీన్ని మొదట చూసిందే ప్రయాణం చేసి వచ్చినవాళ్లలో. 1876లో, ఇప్పటి వియత్నాం ప్రాంతం నుంచి ఫ్రాన్స్‌లోని టూలాన్ రేవుకు తిరిగొచ్చిన సైనికుల విరేచనాల్లో నౌకాదళ డాక్టరు లూయీ నోర్మాన్ దీన్ని గుర్తించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో థాయ్‌లాండ్, బర్మా మధ్య రైలుమార్గం వేసిన యుద్ధఖైదీల్లో కొందరికి, విడుదలై ఇళ్లకు చేరిన నలభై ఏళ్ల తర్వాత కూడా ఈ పురుగు ఒంట్లోనే ఉంది. వాళ్లు మళ్లీ ఆ నేల మీద అడుగుపెట్టలేదు. కాబట్టి మీ నాన్నగారి 24 ఏళ్లు దీనికి లెక్కలోకి రావు.

మామూలు రోజుల్లో మన రోగనిరోధక శక్తి దీన్ని అదుపులో ఉంచుతుంది. అప్పుడప్పుడు కడుపునొప్పి, దురద, దగ్గు వస్తాయి. చాలామందికి అదీ ఉండదు. స్టెరాయిడ్ వేస్తే ఆ అదుపు తప్పవచ్చు. అలా తప్పితే పురుగుల సంఖ్య వేలల్లోకి, లక్షల్లోకి పోతుంది. అవి పేగును తొలుచుకుని పోయేటప్పుడు పేగులోని బాక్టీరియాను కూడా రక్తంలోకి మోసుకుపోతాయి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇది కళ్లారా చూశాను. 54 ఏళ్ల మనిషి, విపరీతమైన కీళ్ల నొప్పులు. మా టీమే రోజుకు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ రాసింది. మొదటి వారం హాయిగా ఉందన్నాడు. మూడో వారంలో కడుపు ఉబ్బి, వాంతులతో, ఊపిరి అందక వచ్చాడు. రక్తంలో ఇన్‌ఫెక్షన్ అని యాంటీబయాటిక్స్ మొదలుపెట్టాం, అది ఎక్కడి నుంచి వచ్చిందో అంతుపట్టలేదు. రెండో రోజు సాయంత్రం ల్యాబ్ నుంచి ఫోన్ చేసి, కఫంలో పురుగులు కదులుతున్నాయన్నారు. నేను పరుగెత్తుకెళ్లి మైక్రోస్కోప్‌లో చూశాను. ఐదో రోజు ఆయన చనిపోయాడు. తర్వాత కేస్ షీటు తిరగేశాను. బీపీ, షుగరు, బరువు, అన్నీ ఉన్నాయి. ఎక్కడ పుట్టారు, ఎక్కడెక్కడ పనిచేశారు అన్నది ఎవరూ రాయలేదు. నేనూ అడగలేదు. పద్దెనిమిదేళ్లు వేరే దేశంలో తడి నేలల్లో పనిచేశాడని ఆయన భార్య చెప్పింది. అప్పటి నుంచి ఏ రోగినైనా నేను మొదట అడిగే ప్రశ్న అదే.

ఇక మీరు చేయాల్సింది. తోటల సంగతి, పన్నెండేళ్ల సంగతి మీ డాక్టరుకు విడమరిచి చెప్పండి, వీలైతే కాగితం మీద రాసివ్వండి. ఇసినోఫిల్స్ మామూలుగా 500 లోపు ఉండాలి. 1,400 ఉంటే అలర్జీ కావచ్చు, పురుగూ కావచ్చు. ఆ అంకె ఒక్కటే చూసి ఏదో ఒకటని తేల్చడం సరికాదు. ఒక్క మలపరీక్ష మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఈ పురుగు పిల్లలు మలంలో రోజూ కనబడవు, ఒక్కసారి చేసే పరీక్షలో సగానికి పైగా కేసులు దొరక్కుండా పోతాయి. స్ట్రాంగిలాయిడ్స్ యాంటీబాడీల కోసం రక్తపరీక్ష అడగండి. ఉందని తేలితే ఐవర్‌మెక్టిన్ మాత్రలు బరువును బట్టి ఒకటి రెండు రోజులు వేస్తారు. మామూలుగా ఒక్క డోసు వేసే నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ దీనికి చాలదు. ఆయాసం తీవ్రంగా ఉండి స్టెరాయిడ్ వెంటనే ఇవ్వాల్సి వస్తే దాన్ని ఆపమని పట్టుబట్టొద్దు. రిపోర్టు కోసం ఆగకుండా ఐవర్‌మెక్టిన్ కూడా కలిపి ఇవ్వవచ్చేమో డాక్టరును అడగండి. 2020లో కోవిడ్ రోగులకు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ విరివిగా ఇవ్వడం మొదలైనప్పుడు నిపుణులు సూచించింది ఇదే.

ఇంకొక్క మాట. స్టెరాయిడ్ వేశాక ఇసినోఫిల్స్ వాటంతట అవే పడిపోతాయి. అప్పుడు రిపోర్టు నార్మల్ వచ్చిందని, పురుగు లేదని అనుకోకండి. నాన్నగారు ఎప్పుడైనా మధ్య ఆఫ్రికాలో కూడా ఉన్నారా? ఉంటే అదీ చెప్పండి. ఎందుకో చివరి ఉత్తరం చదివితే తెలుస్తుంది.

*

ప్రశ్న: సెలవులకు మేం నలుగురు స్నేహితురాళ్లం మలావీ సరస్సుకు వెళ్లాం. వారం రోజులూ ఈతే. వచ్చిన నాలుగో వారంలో నాకు జ్వరం, పొడిదగ్గు, ఒళ్లంతా దద్దుర్లు. మలేరియా టెస్ట్ నెగెటివ్ వచ్చింది. పది రోజులకు దానంతట అదే తగ్గింది. మిగతా ముగ్గురికీ ఏమీ కాలేదు. ఇప్పుడు ఏడో వారం. ప్రాజీక్వాంటెల్ మాత్రలు ఒకసారి వేసుకుంటే చాలని ఒకరన్నారు. నిజమేనా?

జవాబు: మలేరియా టెస్ట్ ముందు చేయించారు, చాలా మంచి పని. ఆఫ్రికా నుంచి వచ్చాక జ్వరం వస్తే మొదట చూడాల్సింది అదే.

మీరు చెప్పిన జ్వరం షిస్టోసోమా పురుగుకు ఒళ్లు ఎదురుతిరిగినప్పుడు వచ్చే జ్వరంలా ఉంది. జపాన్‌లో ఒకప్పుడు ఈ జబ్బున్న ఒక ప్రాంతం పేరు మీద దీన్ని కతయామా జ్వరం అంటారు. మంచినీటి నత్తల్లోంచి వచ్చే ఈ పురుగు పిల్లలు నీళ్లలో ఉన్న మనిషి చర్మంలోంచి నిమిషాల్లో దూరిపోతాయి. తర్వాత కొన్ని వారాలు ఒంట్లో తిరుగుతూ పెరుగుతాయి. ప్రాజీక్వాంటెల్ ఎదిగిన పురుగుల్ని చంపుతుంది కానీ ఈ పసి పురుగుల మీద సరిగ్గా పనిచేయదు. అందుకే తొందరపడి వేసుకుంటే కొన్ని మిగిలిపోతాయి. ఈతకొట్టి మూడు నెలలు నిండాక యాంటీబాడీల రక్తపరీక్ష, దాన్ని బట్టి మందు, అదీ పద్ధతి. లక్షణాలు ఎక్కువై ముందే వేయాల్సి వస్తే కొన్ని వారాలు ఆగి ఇంకోసారి వేస్తారు. ఇది మీ డాక్టరు నిర్ణయం. ఈలోపు మళ్లీ జ్వరం వచ్చినా, కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. అరుదుగానే అయినా గుడ్లు వెన్నుపాములోకి పోతాయి.

మీ ముగ్గురు స్నేహితురాళ్లూ పరీక్ష చేయించుకోవాలి. వాళ్లు దిగింది మీరు దిగిన నీళ్లలోనే. లక్షణాలు లేవంటే పురుగు లేదని కాదు. ఈ పురుగులు ఆడామగా జంటగా రక్తనాళాల్లో ఏళ్ల తరబడి బతుకుతాయి. కొందరిలో ముప్ఫై ఏళ్లు దాటిన సందర్భాలున్నాయి. చెడు చేసేది ముఖ్యంగా వాటి గుడ్లు. ఒక రకం మూత్రాశయం గోడలో, ఇంకో రకం కాలేయంలో ఇరుక్కుని మచ్చలు కడుతుంది. మూత్రాశయంలో ఉండే రకం చాలా ఏళ్లకు కాన్సర్‌కు దారి తీయవచ్చు. ఆడవాళ్లకు ఇంకో సంగతి చెప్పాలి. ఈ గుడ్లు గర్భాశయ ముఖంలోనూ, యోనిలోనూ చేరతాయి. రక్తం కనబడడం, కలయికలో నొప్పి, పిల్లలు కలగకపోవడం ఉంటాయి. అలాంటి అమ్మాయిల్ని సుఖవ్యాధి అనుకుని అనుమానంగా చూసిన సందర్భాలు నాకు తెలుసు. ఎవరూ వాళ్లను చిన్నప్పుడు ఏ చెరువులో ఆడుకున్నావని అడగలేదు. అడిగి ఉంటే అంత అవమానం ఉండేది కాదు.

రిపోర్టు వచ్చేదాకా చెరువులో, నదిలో మూత్రం పోయకండి. ఇది ఊరికే చెప్పడం లేదు. ఫ్రాన్స్‌కు చెందిన కోర్సికా దీవిలో కావూ అనే నది ఉంది. 2013 వేసవిలో అక్కడ ఈతకొట్టినవాళ్లు తర్వాత మూత్రంలో రక్తంతో బయటపడ్డారు. మొత్తం వందకు పైగా మందికి సోకింది. వాళ్లలో చాలామంది ఆఫ్రికా గడప తొక్కనివాళ్లు. పురుగు వంశం ఆరా తీస్తే పశ్చిమాఫ్రికాలోని సెనెగల్ వైపు తేలింది. అక్కణ్ణుంచి వచ్చిన ఎవరి మూత్రమో ఆ నీళ్లలో కలిసింది, తగిన నత్తలు అక్కడ ముందే ఉన్నాయి. సముద్రం ఉప్పునీళ్లలో, క్లోరిన్ వేసిన కొలనుల్లో ఈ భయం లేదు.

*

ప్రశ్న: నేను వేరే దేశంలో ఒక ఇంట్లో వంట చేస్తూ పిల్లల్ని చూసుకుంటున్నాను. ఇంటావిడ ఎక్కడో చదివి, మీ దేశాల వాళ్లు వండితే తలలోకి పురుగు పోయి మూర్ఛ వస్తుందట, టెస్ట్ చేయించుకుంటేనే వంటింట్లోకి రా అంది. పిల్లల ముందే అంది. నాలుగు రోజులుగా నిద్ర లేదు. నా వల్ల నిజంగా పిల్లలకు ఏమన్నా అవుతుందా?

జవాబు: తల్లీ, ఆ మాట పిల్లల ముందు అనడం తప్పు. అంత అవమానంలోనూ మీరు పిల్లల గురించే అడిగారు. నిజం ఉన్నదున్నట్టు చెబుతాను.

ఆవిడ చదివింది సగమే. పంది మాంసం సరిగ్గా ఉడక్కుండా తిన్నవాళ్ల పేగులో బద్దెపురుగు పెరగవచ్చు. వాళ్లకు పెద్దగా బాధ ఉండదు. కానీ దాని గుడ్లు మలంలో వస్తాయి. చేతులు సరిగ్గా కడగకపోతే ఆ గుడ్లు తిండిలో కలిసి, తిన్నవాళ్ల మెదడులో తిత్తులు కట్టి మూర్ఛ తెప్పించవచ్చు. మాంసం ముట్టనివాళ్లకు కూడా ఇది రావడానికి కారణం ఇదే. 1992లో న్యూయార్క్‌లో మతం ప్రకారం పంది మాంసం ముట్టని యూదు కుటుంబాల్లో నలుగురికి ఈ జబ్బు వచ్చినట్టు వైద్యులు ప్రకటించారు. బద్దెపురుగు ఎక్కువగా ఉన్న దేశాల నుంచి వచ్చి ఆ ఇళ్లల్లో పనిచేసినవాళ్ల ద్వారా చేరి ఉండవచ్చని తేల్చారు.

ఆ పనివాళ్లు చేసిన నేరమేమిటి? తమ కడుపులో పురుగున్నట్టు వాళ్లకే తెలియదు. పరీక్ష చేసి మందు ఇచ్చినవాళ్లూ లేరు. బద్దెపురుగుకు ప్రాజీక్వాంటెల్ లేదా నిక్లోసమైడ్ ఒక్క డోసు సాధారణంగా సరిపోతుంది. ఆ పురుగు పాస్‌పోర్టు చూసి పట్టదు. అలాంటి చోట్లకు విహారానికి వెళ్లి, ఉడకని మాంసం తిని వచ్చిన ఇంటి యజమానికీ పట్టవచ్చు. కాబట్టి మలపరీక్ష చేయించుకోండి. మీ ఆరోగ్యం కోసం, ఒకవేళ ఉంటే మీ మెదడుకూ ప్రమాదమే కాబట్టి. దొడ్డికి వెళ్లొచ్చాక, వంటకు ముందు సబ్బుతో చేతులు కడగాలి. ఇది ఆ ఇంట్లో ప్రతి ఒక్కరూ చేయాల్సిన పని. ఎప్పుడైనా మీకు మూర్ఛ గానీ, విడవని తలనొప్పి గానీ ఉంటే పురుగుల మందు వేసుకునే ముందు డాక్టరుకు చెప్పండి. మెదడులో తిత్తి ఉంటే ఆ మందుకు వాపు వస్తుంది.

ఇక ఏలికపాము, కొంకిపురుగు లాంటివి మీ చేతుల నుంచి నేరుగా పిల్లలకు అంటవు. ఏలికపాము గుడ్డు మట్టిలో రెండు మూడు వారాలు ముదిరితేనే ఇంకొకరికి సోకుతుంది. కొంకిపురుగు గుడ్డు నేల మీద పొదిగి, పిల్ల కొన్ని రోజులు పెరగాలి. మరుగుదొడ్డి ఉన్న ఇంట్లో వాటి కథ అక్కడితో ఆగిపోతుంది.

వలస కూలీలను ఇలా వేలెత్తి చూపడం ఇప్పటిది కాదు. ఆల్ప్స్ పర్వతాల కింద గొట్‌హార్డ్ రైలు సొరంగం తవ్వింది ఎక్కువగా ఇటలీ నుంచి వచ్చిన కూలీలు. 1872లో పని మొదలైంది. కొన్నేళ్లకు కూలీలు పాలిపోయి, నడవలేక కుప్పకూలడం మొదలైంది. 1880లో ఎడొవార్డో పెరొన్‌చీతో అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు వాళ్లలో రక్తం పీల్చే కొంకిపురుగును చూపించాడు. సొరంగంలో వేడి, బురద. మలవిసర్జనకు చోటు లేదు. పనిచేసే చోటే దొడ్డి, ఆ బురదలోనే కాళ్లు. ఒకరిద్దరి ఒంట్లో వచ్చిన పురుగు అందరికీ పాకింది. ఒక మరుగుదొడ్డి, ఒక జత బూట్లు ఇచ్చి ఉంటే అంతమంది రక్తం పోయేది కాదు. ఈ సంగతి మీ ఇంటావిడకు చదివి వినిపించండి.

*

ప్రశ్న: బీచ్‌లో చెప్పుల్లేకుండా తిరిగి వచ్చిన వారానికి పాదం మీద వంకరటింకర ఎర్రటి గీత లేచింది. విపరీతమైన దురద. రోజూ కొంచెం కొంచెం ముందుకు జరుగుతోంది. కోసి తీయించాలా?

జవాబు: కోయొద్దు, కాల్చొద్దు, ఐసు పెట్టి గడ్డకట్టించొద్దు. ఆ గీత కుక్కలకో పిల్లులకో ఉండే కొంకిపురుగు పిల్ల నడిచిన దారి. మనిషి చర్మం కిందకు దిగే శక్తి దానికి లేదు, దారి తప్పి అక్కడే తిరుగుతోంది. ఇంట్లో ఎవరికీ అంటదు. వదిలేసినా కొన్ని వారాలకో నెలలకో చస్తుంది, కానీ ఆ దురద భరించడం అనవసరం. డాక్టరు రాస్తే ఐవర్‌మెక్టిన్ ఒక్క డోసుతో లేదా ఆల్బెండజోల్ కొన్ని రోజుల కోర్సుతో పోతుంది. గీత పిరుదుల దగ్గరో తొడల మీదో లేచి, గంటలోనే నాలుగైదు వేళ్ల మేర పరుగెత్తి మాయమవుతుంటే అది వేరు. మొదటి ఉత్తరంలోని స్ట్రాంగిలాయిడ్స్ అలా పరుగెడుతుంది.

*

ప్రశ్న: మధ్య ఆఫ్రికాలోని గాబన్ అడవుల్లో కలప కంపెనీలో రెండేళ్లు పనిచేసి వచ్చాను. ఆరు నెలలుగా ముంజేతి మీద, మణికట్టు మీద నొప్పి లేకుండా వాపు వస్తుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. మొన్న అద్దంలో చూసుకుంటే కంటి తెల్లగుడ్డు మీద సన్నటి దారంలా ఒకటి కదిలింది. పావుగంటలో కనబడకుండా పోయింది. చూపు పోతుందా? ఐవర్‌మెక్టిన్ వేసుకోమని స్నేహితుడు మాత్రలు తెచ్చిచ్చాడు. వేసుకోనా?

జవాబు: వేసుకోకండి. మిగతాది చదవకముందే ఆ మాత్రలు ఇంకొకరి చేతికిచ్చేయండి.

చూపు పోదు, ఆ భయం వదిలేయండి. మీరు చెప్పినవి లోవా లోవా అనే పురుగు లక్షణాలు. మధ్య, పశ్చిమ ఆఫ్రికా వర్షారణ్యాల్లో పగటిపూట కుట్టే ఒక జాతి ఈగల ద్వారా వస్తుంది. పెద్ద పురుగు చర్మం కింద తిరుగుతూ ఎప్పుడో ఒకసారి కంటిపొర కింద నుంచి దాటిపోతుంది. చూసిన మనిషికి గుండె ఆగినంత పనవుతుంది, కంటికి మాత్రం హాని జరగదు. ఆ వచ్చిపోయే వాపు కూడా దీనిదే. ఇది పదిహేనేళ్లకు పైగా బతకగలదు, కాబట్టి వైద్యం తప్పనిసరి.

ప్రమాదం మందుతో వస్తుంది. ఈ పురుగు పిల్లలు రక్తంలో తిరుగుతుంటాయి. అవి మరీ ఎక్కువగా ఉన్నప్పుడు ఐవర్‌మెక్టిన్ గానీ, ఫైలేరియాకు ఇచ్చే డైఇథైల్‌కార్బమజైన్ గానీ వేస్తే ఒక్కసారిగా చచ్చి మెదడు దెబ్బతింటుంది. మనిషి కోమాలోకి పోవచ్చు. మొదటి ఉత్తరంలోని నాన్నగారికి ప్రాణం నిలిపే మాత్రే మీకు ప్రాణం తీయగలదు. శరణార్థులను వేరే దేశానికి పంపేముందు పురుగుల మందులు ముందుగానే ఇచ్చే పద్ధతి ఉంది. లోవా లోవా ఉన్న దేశాల వాళ్లకు మాత్రం రక్తపరీక్ష చూడకుండా ఐవర్‌మెక్టిన్ ఇవ్వరు, ఇందుకే.

ఈ జబ్బు తెలిసిన నిపుణుల దగ్గరికి వెళ్లండి. రక్తంలో పిల్లలెన్నున్నాయో లెక్కపెట్టాకే ఏ మందు, ఎప్పుడు, ఆస్పత్రిలో ఉంచి ఇవ్వాలా అన్నది తేలుస్తారు. మళ్లీ కంట్లో కనబడితే వెంటనే ఫోన్లో వీడియో తీయండి, అదే గట్టి సాక్ష్యం. రక్తం తీసే వేళ కూడా ముఖ్యం. బోదకాలు పురుగు పిల్లలు రాత్రిపూట రక్తంలోకి వస్తాయి, ఇవి మధ్యాహ్నం వస్తాయి. రెండూ ఫైలేరియా జాతి పురుగులే కాబట్టి, ఫైలేరియా అనగానే ల్యాబ్ వాళ్లు అలవాటుగా రాత్రి రమ్మనవచ్చు. మీరు పగలు పదికీ రెండుకీ మధ్య వెళ్లండి. ఫారం మీద రక్తం తీసిన సమయం, పక్కన గాబన్ అని మీ ముందే రాయించండి.